టీఎన్‌సీలో చిప్ మారిస్తే మూడేళ్ల జైలా?

ప్రశ్న: నాకు అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉంది, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు). మా హామ్ (అమెచ్యూర్ రేడియో) క్లబ్‌కు చెందిన పాత టీఎన్‌సీ-2 పెట్టె (కంప్యూటర్‌లోని అక్షరాలను రేడియో ద్వారా పంపేందుకు వాడే పరికరం) రెండేళ్లుగా మా ఇంట్లో నడుస్తోంది. "నీ దగ్గరే పెట్టుకుని నడుపు" అని కార్యదర్శి గారు ఇచ్చారు. కాగితం ఏమీ రాసుకోలేదు. అందులోని ఫర్మ్‌వేర్ (పెట్టెను నడిపే ప్రోగ్రామ్) బాగా పాతది. తెలిసిన హామ్ ఒకాయన వాట్సాప్‌లో ఫైలు పంపితే కొత్త ఈప్రామ్ చిప్ (ఆ ప్రోగ్రామ్ ఉండే చిప్) రాయించాను. మార్చే ముందు క్లబ్ గ్రూపులో చెప్పాను, కార్యదర్శి గారు బొటనవేలు గుర్తు పెట్టారు. చిప్ తిరగేసి పెట్టినట్టున్నాను, కరెంటు ఇవ్వగానే కాలింది. పెట్టె పనిచేయడం లేదు. కొత్త టీఎన్‌సీ ఖరీదు మొత్తం కట్టమని క్లబ్ అడుగుతోంది. ఒక సభ్యుడైతే "ఫర్మ్‌వేర్ మార్చడం నేరం, మూడేళ్లు జైలు" అని గ్రూపులో రాశాడు. ఆ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నా హ్యాండ్‌హెల్డ్ రేడియోలో కూడా ఇంటర్నెట్‌లో దొరికిన ఫర్మ్‌వేర్ వేశాను. దాంతో 144-146 మెగాహెర్ట్జ్ దాటి కూడా మాట్లాడొచ్చు. ఇదీ చిక్కేనా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందు మీ నిద్ర సంగతి చూద్దాం. మీరు రాసిన వివరాలను బట్టి, టీఎన్‌సీలో చిప్ మార్చినందుకు మీరు జైలుకు వెళ్లే పరిస్థితి లేదు. హ్యాండ్‌హెల్డ్ సంగతి మాత్రం వేరు. దాని గురించి చివర్లో చెబుతాను గానీ, ఈ జవాబు చదవడం కాసేపు ఆపి అయినా సరే, ముందు వెళ్లి దాని బ్యాటరీ తీసి పక్కన పెట్టండి.

ఆ మూడేళ్ల మాట ఊరికే పుట్టలేదు. 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ఆరో సెక్షన్‌లో ఉంది. లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ దగ్గర పెట్టుకుంటే మూడేళ్ల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని ఆ సెక్షన్ చెబుతుంది. గ్రూపులో రాసిన ఆ సభ్యుడికి గుర్తున్నది అందులో మూడేళ్ల జైలు అన్న ముక్క ఒక్కటే. మీకు లైసెన్సు ఉంది. టీఎన్‌సీ ట్రాన్స్‌మిటర్ కాదు. పైగా 1885 టెలిగ్రాఫ్ చట్టం, ఈ 1933 చట్టం, రెండింటి స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది. 2024 జూన్ 26 నుంచి విడతలవారీగా అమల్లోకి వస్తోంది. అనుమతి లేని రేడియో పరికరం దగ్గరున్నందుకు కొత్త చట్టంలో పెట్టింది సివిల్ పెనాల్టీ: మొదటిసారి 50 వేల రూపాయల వరకు, ఆపైన ప్రతిసారీ 2 లక్షల వరకు.

టీఎన్‌సీ ట్రాన్స్‌మిటర్ కాదని ఎలా అంటున్నానో చెప్పాలి, రేపు ఎవరైనా అడిగితే మీరూ ఇదే చెప్పాలి కాబట్టి. మీకు జవాబు రాసే ముందు నాకు తెలిసిన ఒక హామ్ ఇంటికి వెళ్లి, ఆయన దగ్గరున్న టీఎన్‌సీ-2 మూత తీయించి చూశాను. లోపల జెడ్80 ప్రాసెసర్, పక్కన ఇరవై ఎనిమిది కాళ్ల ఈప్రామ్. ఈప్రామ్ నడుమ గాజు కిటికీ, దాని మీద అంటించిన స్టిక్కర్, స్టిక్కర్ మీద బాల్‌పెన్నుతో రాసిన వెర్షన్ నంబరు. ఇంకోవైపు మోడెమ్. పెట్టె వెనక నుంచి ఒక వైరు కంప్యూటర్‌కు, ఇంకోటి రేడియో మైకు, స్పీకరు వైపుకు వెళ్తాయి. అక్షరాలను ఏఎక్స్.25 పద్ధతిలో ప్యాకెట్లుగా కట్టి, వాటిని చప్పుళ్లుగా మార్చి రేడియో చెవిలో వేయడం దీని పని. ఏ ఫ్రీక్వెన్సీ మీద, ఎంత పవర్‌తో ప్రసారం వెళ్లాలో తేల్చేది రేడియో. అందుకే ఈ చిప్ మార్చినా మీ లైసెన్సులో రాసిన బ్యాండు, పవర్ మారవు.

అయితే చిప్ మార్చినప్పుడు ఒక చిన్న విషయం దగ్గర చాలామంది జారిపడతారు. టీఎన్‌సీ-2లో మీ సెట్టింగులన్నీ బ్యాటరీ ఆసరాతో బతికే మెమరీలో ఉంటాయి. కొత్త ఫర్మ్‌వేర్ పెట్టాక ఆ మెమరీని చెరిపి మొదటి నుంచి మొదలుపెట్టాలి. అప్పుడు కాల్‌సైన్ ఉండాల్సిన చోట 'నోకాల్' అని వస్తుంది. ఆ సంగతి చూసుకోకుండా యాంటెన్నా తగిలించి బీకన్ (పెట్టె తనంతట తానే పంపే సందేశం) వదిలితే, మీ స్టేషన్ పేరు లేకుండా ప్రసారం చేసినట్టే. కాల్‌సైన్ లేని ప్రసారం 1978 అమెచ్యూర్ సర్వీస్ రూల్స్‌కు విరుద్ధం. చిప్ మార్చడం తప్పు కాదు, మార్చాక కాల్‌సైన్ వేయకుండా గాల్లోకి వెళ్లడం తప్పు. పెట్టె మళ్లీ బతికిన రోజున యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ (ప్రసారాన్ని గాల్లోకి పోనివ్వకుండా దాదాపు అంతా తానే మింగేసే పరికరం) పెట్టి, కాల్‌సైన్ వేసి, మరో రేడియోలో మీ ప్యాకెట్‌ను మీరే చదువుకుని, తేదీతో సహా లాగ్‌బుక్‌లో రాసి, ఆ తర్వాతే యాంటెన్నా కలపండి.

వాట్సాప్‌లో వచ్చిన ఫైలు సంగతి. ఫర్మ్‌వేర్ కూడా కంప్యూటర్ ప్రోగ్రామే, దానికి 1957 కాపీరైట్ చట్టం వర్తిస్తుంది. హామ్ ప్రపంచంలో చాలా ఫర్మ్‌వేర్లు 'వ్యాపారం కాని అమెచ్యూర్ వాడకానికి ఉచితం' అనే షరతుతో వచ్చాయి. కొన్ని డబ్బు కట్టి కొనుక్కోవాల్సినవి. మీకు పంపినాయన మంచివాడే కావచ్చు, కానీ ఇవ్వడానికి ఆయనకు హక్కుందా అన్నదే ప్రశ్న. ఫైలుతో పాటు వచ్చిన లైసెన్సు కాగితం అడిగి తీసుకోండి. లేదంటే రాసినవాళ్లు స్వయంగా పెట్టిన చోటు నుంచే దించుకోండి. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంటాయి. లాభం కోసం గానీ వ్యాపారంలో గానీ వాడలేదని తేలితే, కోర్టు జైలు వేయకుండా 50 వేల లోపు జరిమానాతో వదలవచ్చని అదే సెక్షన్ చెబుతుంది. అసలు 'తెలిసి' అన్న మాట రుజువు కావాలి. మీ విషయంలో అది రుజువు చేయడం కష్టం. ఇంకో మాట, సక్రమంగా చేతికొచ్చిన ప్రోగ్రామ్‌కు పోకుండా ఉండేందుకు బ్యాకప్ తీసుకోవడం 52వ సెక్షన్ ప్రకారం హక్కే. పాత చిప్‌ను ప్రోగ్రామర్‌లో చదివి కాపీ దాచుకోవడంలో తప్పేమీ లేదు.

పాత చిప్ అంటే గుర్తొచ్చింది. తీసిన ఈప్రామ్ పారేయలేదు కదా? అది క్లబ్ ఆస్తి. కిటికీ మీది స్టిక్కర్ పీకకుండా, యాంటీస్టాటిక్ కవర్లో పెట్టి భద్రంగా ఉంచండి. తిరగేసి పెట్టిన చిప్ ముందుగా తానే కాలుతుంది. బోర్డు బతికుందో లేదో తెలిసిన మెకానిక్ చూస్తేగానీ చెప్పలేం. బతికుంటే ఆ పాత చిప్‌తోనే మీ గొడవ సగం తీరిపోతుంది.

ఇక క్లబ్ డబ్బు మాట. మీ ఉత్తరంలో అసలైన లిటిగేషన్ ఇక్కడే ఉంది. ఒకరి వస్తువును నడపమని, చూసుకోమని ఇంకొకరికి ఇవ్వడాన్ని 1872 కాంట్రాక్ట్ చట్టం బెయిల్‌మెంట్ అంటుంది. కాగితం లేకపోయినా, అద్దె తీసుకోకపోయినా అది బెయిల్‌మెంటే. 151వ సెక్షన్ ప్రకారం మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, మీరు ఆ పెట్టెను అంత జాగ్రత్తగా చూడాలి. 154వ సెక్షన్ ఇంకాస్త గట్టిది. ఏ షరతు మీద ఇచ్చారో ఆ షరతు దాటి వాడితే, ఆ వాడకంలో జరిగిన నష్టమంతా మీరే భరించాలి. "నడుపు" అన్నారు తప్ప "విప్పు" అనలేదు కదా అని క్లబ్ తరఫు వకీలు అడుగుతాడు.

అక్కడ మీకు ఆ బొటనవేలు గుర్తు పనికొస్తుంది. ఒప్పుకోలు మాటల్లోనే ఉండాలని లేదు, ప్రవర్తనతో కూడా తెలుస్తుంది. మీరు గ్రూపులో "చిప్ మారుస్తున్నాను" అని స్పష్టంగా రాసి ఉండి, దాని కిందే కార్యదర్శి గారు ఆ గుర్తు పెట్టి ఉంటే, అనుమతి ఇచ్చారనడానికి అది మంచి సాక్ష్యం. "పాత ఫర్మ్‌వేర్‌తో విసుగ్గా ఉంది" అని మాత్రమే రాసి ఉంటే అంత బలం ఉండదు. ఏదైనా ఆ చాట్‌ను ఫోన్‌లోంచి తుడిచేయకండి, ఫోన్ మార్చకండి. కోర్టుదాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమ్ 63(4) ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జత చేయాలి. ఉత్త స్క్రీన్‌షాట్ ప్రింటు చాలదు.

అనుమతి ఉందనే అనుకుందాం. అప్పుడు 154 పక్కకు పోతుంది, 151 మిగులుతుంది. చిప్ మార్చమన్నారు గానీ తిరగేసి పెట్టమనలేదు. ఈప్రామ్ ఒక చివర గాటు ఉంటుంది, సాకెట్ మీదా అదే గుర్తు ఉంటుంది. ఆ రెండూ ఒకవైపే ఉన్నాయో లేదో చూడటం మామూలు వివేకమే. దాచుకోకుండా చెబుతున్నాను, ఈ ముక్కలో మీ తప్పు ఉంది. ఒప్పుకోవడమే మీకు మంచిది.

తప్పు ఒప్పుకోవడం అంటే కొత్త పెట్టె కొనివ్వడం కాదు. 73వ సెక్షన్ పాటించే సూత్రం నిజంగా జరిగిన నష్టం మేరకే పరిహారం. టీఎన్‌సీ-2 డిజైన్ 1985 నాటిది. ముప్పై ఏళ్లకు పైబడిన వస్తువు పాడైతే ఇప్పటి కొత్త సరుకు ధర అడగడం న్యాయం కాదు. రిపేరు ఖర్చు, అది కుదరకపోతే అదే వయసున్న పాత పెట్టె ఈ రోజు పలికే ధర, అంతకు మించి మీరు కట్టక్కర్లేదు. సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్ కింద కూడా క్లబ్ పరిహారం అడగవచ్చు. ప్రాసెసర్, మెమరీ ఉన్న టీఎన్‌సీ ఆ చట్టం నిర్వచనంలో కంప్యూటర్ కిందికే వస్తుందని నా అభిప్రాయం. కానీ 66వ సెక్షన్ చెప్పే నేరం కావాలంటే మోసబుద్ధి ఉండాలి. మీరు చేసింది మంచి ఉద్దేశంతోనే కాబట్టి అంతదూరం పోదు.

ఇంత చిన్న మొత్తానికి దావా వేసుకోవడం ఇద్దరికీ నష్టం. జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గర కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో మాట్లాడుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. 2004 డిసెంబర్ సునామీలో పోర్ట్‌బ్లెయిర్ నుంచి హామ్ రేడియోతోనే బయటికి కబురు అందించారు భారతి ప్రసాద్ బృందం. 2014 హుద్‌హుద్‌లో విశాఖలో సెల్‌ఫోన్లు మూగబోయిన రోజులు మనం చూశాం. మీ తీరానికి మళ్లీ తుపాను రాకుండా ఉండదు. అప్పుడు ఈ పెట్టెలు, వాటిని నడిపే మీలాంటివాళ్లు అక్కరకు రావాలి. ఒక చిప్ కోసం క్లబ్ రెండుగా చీలకూడదని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

ఇప్పుడు హ్యాండ్‌హెల్డ్. నాకు భయమంతా దీని గురించే. మన దేశంలో రెండు మీటర్ల అమెచ్యూర్ బ్యాండు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకే. మీరు వేసిన ఫర్మ్‌వేర్ ఆ కంచె తీసేసింది. కింద 118 నుంచి 137 వరకు విమానాలది, 121.5 ప్రాణాపాయంలో పిలిచే ఫ్రీక్వెన్సీ. జేబులో బటన్ నొక్కుకుపోయి ఒక్కసారి అక్కడ ప్రసారం వెళ్లినా, "తెలియక జరిగింది" అంటే వినేవాళ్లు ఉండరు. ఒక మోడల్‌కు డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) ఇచ్చే టైప్ అప్రూవల్ దాని ఫ్రీక్వెన్సీ, పవర్ వివరాలు చూసి ఇచ్చేది. వాటిని పెంచే ఫర్మ్‌వేర్ వేశాక మీ చేతిలో ఉన్నది ఆమోదం పొందిన వస్తువేనని నేను మీ తరఫున వాదించలేను. ఒరిజినల్ ఫర్మ్‌వేర్ తిరిగి వేయించండి, బ్యాండు హద్దులు ఉన్నాయో లేదో పరీక్షించండి, తేదీ రాసుకోండి. అలాంటి కొన్ని ఫర్మ్‌వేర్లలో మెసేజ్‌ను రహస్య సంకేతంలో పంపే ఆప్షన్ కూడా ఉంటుంది. వేర్వేరు దేశాల హామ్‌ల మధ్య అర్థాన్ని దాచే సంకేతాలు కుదరవని అంతర్జాతీయ రేడియో నియమాలు 25వ ఆర్టికల్‌లోనే ఉంది. ఏఎక్స్.25 అందరూ చదవగల బాహాటమైన పద్ధతి కాబట్టి దానితో ఇబ్బంది లేదు. 145.825 మీద అంతరిక్ష కేంద్రం ప్యాకెట్లు వినడానికి ఒరిజినల్ ఫర్మ్‌వేర్ చాలు.

క్లబ్‌కు ఈ వారంలోనే ఇలా రాసి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి:

"కార్యదర్శి గారికి నమస్కారం. మీరు నడపమని ఇచ్చిన టీఎన్‌సీలో, గ్రూపులో ఫలానా తేదీన తెలియజేసి, మీ సమ్మతి ఉందని భావించి ఈప్రామ్ మార్చాను. చిప్ పెట్టడంలో నా వల్ల పొరపాటు జరిగింది. పాత చిప్ భద్రంగా ఉంది, పెట్టెతో పాటు అప్పగిస్తాను. క్లబ్ ఎంపిక చేసిన మెకానిక్ చూసి చెప్పిన రిపేరు ఖర్చు నేను భరిస్తాను. బాగు కాదని తేలితే అదే వయసున్న టీఎన్‌సీ ప్రస్తుత ధర మేరకు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. ఇకపై క్లబ్ పరికరాల్లో ఏ మార్పు చేయాలన్నా ముందు రాతపూర్వక అనుమతి తీసుకుంటాను."