పుర్రెలో గట్టి ఎముక ఏది, బలహీనమైన ఎముక ఏది?

రెండూ ఒకే ఎముకలో ఉన్నాయండీ. చెవి చుట్టూ ఉండే టెంపోరల్ ఎముక. చెవి లోపలికి వెళ్లే భాగాన్ని పీట్రస్ అంటారు. ఒంట్లో అంత దట్టమైన ఎముక ఇంకోటి దొరకడం కష్టం, వినికిడికి పనికొచ్చే సున్నితమైన సరంజామా అంతా దాని పొట్టలోనే ఉంటుంది. అదే ఎముక పైకి, కణత వైపు వచ్చేసరికి ఎంత పల్చబడుతుందంటే, ఎండిన పుర్రెను లైటుకి అడ్డం పెడితే వెలుతురు ఇవతలకి కనిపిస్తుంది. కంటి మూలన ఉండే లాక్రిమల్ ఎముక ఇంకా పల్చన అని ఎవరో ఒకరు కామెంట్ పెడతారు. పెట్టనివ్వండి. అది విరిగినా ప్రాణం మీదికి రాదు. నా లెక్కలో బలహీనమైనది కణతే.

నేను గుంటూరు కొత్తపేటలో సీటీ స్కాన్ టెక్నీషియన్ని. ఒక ఆదివారం సాయంత్రం ఎనిమిదో తరగతి కుర్రాణ్ణి తీసుకొచ్చారు. క్రికెట్ ఆడుతుంటే కార్క్ బాల్ కణతకి తగిలింది. తగలగానే ఒక్క క్షణం కళ్లు తేలేశాడట, తర్వాత లేచి మళ్లీ ఫీల్డింగ్‌కి కూడా వెళ్లాడట. వాళ్లమ్మ బయట బెంచీ మీద కూర్చుని, "బానే ఉన్నాడండీ, ఇందాకే ఇడ్లీ తిన్నాడు, రక్తం కూడా రాలేదు, ఈ స్కాన్ అవసరమంటారా?" అని అడుగుతోంది. వాళ్ల నాన్న బిల్లు కాగితం మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెడుతున్నాడు. కుర్రాడు మాత్రం టేబుల్ మీద పడుకోబెడుతుంటే "అంకుల్, తల బాగా నొప్పిగా ఉంది" అన్నాడు. అని, ఆ తిన్న ఇడ్లీ కాస్తా నా చొక్కా మీద కక్కేశాడు.

స్క్రీన్ మీద మొదటి ఫొటోలు రాగానే నాకు అర్థమైపోయింది. కణత లోపల తెల్లగా, రెండు వైపులా ఉబ్బిన కటకం ఆకారంలో రక్తం. ఎక్స్‌ట్రాడ్యూరల్ అంటాం. ఫ్రాంటల్, పరైటల్, టెంపోరల్, స్ఫినాయిడ్ అనే నాలుగు ఎముకలు కణత దగ్గర ఒకచోట కలుస్తాయి, ఆ చోటు పేరు టెరియాన్. సరిగ్గా దాని లోపలి వైపు నుంచే మిడిల్ మెనింజియల్ అనే రక్తనాళం, ఎముక మీద గాడి చేసుకుని మరీ పోతుంది. పల్చటి ఎముక చిట్లితే నాళం తెగుతుంది. రక్తం ఎముకకీ మెదడు పైపొరకీ మధ్య చేరుతుంది. ఎముకల అతుకుల దగ్గర ఆ పొర గట్టిగా అంటుకుని ఉంటుంది కాబట్టి రక్తం పక్కకి పాకలేక, లోపలికి ఉబ్బి మెదడుని నొక్కుతుంది. అలా నొక్కేదాకా మనిషి మామూలుగా మాట్లాడతాడు, తింటాడు, ఫీల్డింగ్ చేస్తాడు. ఆ రాత్రే ఎముక తెరిచి గడ్డ తీసేశారు. ఇప్పుడు వాడు ఇంటర్, ఎంపీసీ.

అతుకులంటే గుర్తొచ్చింది. రంపపు పళ్లలా ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఉండే ఆ సూచర్లను ఫిల్మ్‌లో చూసి "అయ్యో, తల పగిలిందండీ" అని ఏడ్చినవాళ్లు బోలెడుమంది. పసిపిల్లల్లో అవి ఇంకా కలిసిపోవు, అందుకే మాడు మెత్తగా ఉంటుంది. ముందు మాడు పూడడానికి దాదాపు ఏడాదిన్నర పడుతుంది. అక్కడ ఆముదం పెడితే పెట్టుకోండి, కానీ తల గుండ్రంగా రావాలని పిసికే పెద్దమ్మల్ని మాత్రం దయచేసి ఆపండి.

ఇక బైపీసీ పిల్లల చేత కపాలానికి 8, ముఖానికి 14, మొత్తం 22 అని బట్టీ పట్టిస్తారు. మంచిదే, మార్కులొస్తాయి. కణత ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటే సగం మంది చెంప చూపిస్తారు.

వాళ్ల నాన్నలు ఇంకా నయం! బెజవాడ నుంచి గుంటూరు దాకా హెల్మెట్‌ని పెట్రోల్ ట్యాంకు మీద ఊరేగించి, వారధి దగ్గర పోలీసు కనిపిస్తే నెత్తిన పెట్టుకుంటారు. అడిగితే ఎండ అంటారు. ఎండ నిజమే, మే నెలలో నాకూ చెమటలు కారతాయి. కానీ రోడ్డు పక్కన అమ్మే టోపీ లాంటి హెల్మెట్ నడినెత్తిని మాత్రమే కప్పుతుంది, కణత బయటే ఉంటుంది. ఫుల్ హెల్మెట్ కొని పట్టీ పెట్టుకోనివాళ్లదీ అదే కథ. బండి పడగానే ముందు హెల్మెట్ ఎగిరిపోతుంది, తర్వాత తల తగులుతుంది.

తలకి దెబ్బ తగిలాక నొప్పి పెరుగుతున్నా, వాంతులైనా, మత్తుగా తూలుతున్నా, ఒక కంటిపాప రెండోదానికన్నా పెద్దగా కనిపించినా, నాకు వాట్సాప్‌లో ఫొటో పంపి "ఏమంటారు అన్నా" అని అడగకండి. బండెక్కించుకుని వచ్చేయండి.