దేవకి ఎనిమిదో బిడ్డ, డిసెంబర్ 25

ప్రశ్న: మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మామగారు ఒక పట్టిక పెట్టారు. ఒకవైపు కృష్ణుడు, ఇంకోవైపు క్రీస్తు. ఇద్దరూ డిసెంబర్ 25న పుట్టారట, ఇద్దరి తల్లులూ కన్యలేనట, ఇద్దరి కథల్లోనూ రాజు పసిపిల్లల్ని చంపించాడట, ఇద్దర్నీ సిలువ వేశారట, చివరికి పేర్లు కూడా ఒకటేనట. మా తోడికోడలు వాళ్లు చర్చికి వెళ్తారు, వాళ్లకి కోపం వచ్చి గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఇందులో నిజమెంత?
– ఒక కోడలు, తెనాలి

జవాబు: పట్టిక చూస్తే రెండువైపులా ఎవరూ పుస్తకం తెరిచినట్టు లేదమ్మా. కృష్ణాష్టమి ఏ నెలలో చేస్తామో మీ మామగారికి తెలియదా? శ్రావణ బహుళ అష్టమి, అంటే ఆగస్టులోనో సెప్టెంబర్‌లోనో వస్తుంది. పోనీ రెండోవైపైనా సరిగ్గా ఉందా అంటే, యేసు ఫలానా తేదీన పుట్టాడని సువార్తల్లో ఎక్కడా లేదు. డిసెంబర్ 25 అన్నది రోమ్‌లో 354లో కూర్చిన ఒక పంచాంగం లాంటి పుస్తకంలో కనిపిస్తుంది.

కన్య సంగతి. దేవకికి కృష్ణుడు ఎనిమిదో సంతానం. ఆరుగుర్ని కంసుడు చంపేశాడు, ఏడో గర్భం రోహిణికి మారి బలరాముడయ్యాడు. అలాంటి తల్లిని కన్య అని ఎలా రాశారో రాసినవాళ్లకే తెలియాలి. అయితే ఒక మాట ఒప్పుకోవాలి, భాగవతంలో విష్ణువు ముందు వసుదేవుడి మనసులో ప్రవేశించి అక్కణ్ణుంచి దేవకిని చేరాడని ఉంది, కాబట్టి అది మామూలు గర్భం కాదు అని ఎవరైనా వాదిస్తే నేను కాదనను. కానీ దైవికమైన పుట్టుక వేరు, కన్యకు పుట్టడం వేరు.

సిలువ మాట పూర్తిగా కల్పన. యాదవులు తెచ్చుకున్న శాపం వల్ల పుట్టిన ముసలాన్ని, అంటే రోకలిని, పొడి చేసి సముద్రంలో కలిపితే మిగిలిన ఇనుపముక్కను చేప మింగింది, అది జర అనే బోయవాడి చేతికొచ్చి బాణం ములుకైంది. పడుకుని ఉన్న కృష్ణుడి పాదాన్ని చూసి జింక అనుకుని వాడు కొట్టాడు. అందులో సిలువ ఎక్కడుంది? 1875లో కెర్సీ గ్రేవ్స్ అనే అమెరికన్ సిలువ ఎక్కిన రక్షకులు పదహారు మంది అంటూ ఒక పుస్తకం వేసి అందులో కృష్ణుణ్ణీ కలిపాడు, పైగా ఆ పేరు స్పెల్లింగు 'కె'తో కాకుండా క్రైస్ట్ లాగా 'సి', 'హెచ్'లతో మొదలుపెట్టాడు. ఇలాంటి పట్టికలకు ఆ పుస్తకం పెద్ద ముడిసరుకు.

పేర్ల విషయం చెప్పనే అక్కర్లేదు. కృష్ణ అంటే నల్లనివాడు. క్రీస్తు అసలు పేరే కాదు, అభిషిక్తుడు అనే గ్రీకు బిరుదు, హీబ్రూ మాట మెస్సీయకు అనువాదం. శబ్దం కలిస్తే చుట్టరికమే అనుకుంటే కాకికీ ఖాకీకీ కూడా కలిపేయాలి.

పట్టికలో నిలబడేది ఒక్కటే: పసిపిల్లల్ని చంపించిన రాజు. మత్తయి సువార్తలో హేరోదు ఉన్నాడు, మనకు కంసుడున్నాడు, నిజంగానే పోలిక ఉంది. కానీ మోషే కథలో ఫరో కూడా ఆ పనే చేయించాడు. బిడ్డను పెట్టెలో పెట్టి నదిలో వదలడం మోషే కథలోనూ ఉంది, కర్ణుడి కథలోనూ ఉంది. కథలు పోలినంత మాత్రాన ఒకరి దగ్గర ఇంకొకరు ఎత్తుకున్నట్టు కాదు, కథ ఏ దారిన నడిచి వెళ్లిందో చూపించాలి.

దారి దొరికిన పోలిక ఒకటుంది, అదేమో ఈ పట్టికలో లేదు! కొడుకు సన్యాసి అవుతాడని జోస్యం విని రాజు అతణ్ణి భవనంలో దాచడం, రోగం, ముసలితనం కంటపడగానే రాకుమారుడి మనసు మారడం మన బుద్ధుడి కథ కదా, అదే పశ్చిమానికి వెళ్లి క్రైస్తవ సాధువు జోసఫాట్ కథ అయింది. జ్ఞానోదయానికి ముందు బుద్ధుణ్ణి పిలిచే బోధిసత్త్వ అనే మాట అరబిక్‌లో బూదాసఫ్ అయింది. ఆ లిపిలో మాట మొదట్లో 'బ'కు కింద ఒక చుక్క, 'య'కు రెండు చుక్కలు, అంతే తేడా. రాసేటప్పుడు ఒక చుక్క పెరిగి యూదాసఫ్ అయి, జార్జియన్, గ్రీకు మీదుగా లాటిన్‌లో జోసఫాట్ అయింది. కాథలిక్కుల పునీతుల జాబితాలో ఒకప్పుడు ఆయన పండుగకు నవంబర్ 27 కూడా కేటాయించారు.

ఇదంతా మామగారికి గ్రూపులో పెట్టకండి, విడిగా పంపండి. తోడికోడలికి మాత్రం ఫోన్ చేసి చెప్పండి, జోసఫాట్ కథ ఆవిడకు నచ్చుతుంది.