ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న పాత బైక్‌ను మళ్లీ స్టార్ట్ చేయడం ఎలా?

ముందే కిక్ కొట్టకండి. ఇంజిన్‌లో పైకీ కిందికీ కదిలే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, అది కదిలే గొట్టమైన సిలిండర్‌కు తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు. బలవంతం చేస్తే గోడలపై గీతలు పడతాయి. స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పోసి ఒకటి రెండు రోజులు నాననివ్వండి. తర్వాత టాప్ గేర్ వేసి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. ఇంజిన్ తేలిగ్గా తిరిగితే సగం టెన్షన్ పోయినట్టే.

ఇక ఎక్కువగా ఇబ్బంది పెట్టేది కార్బురేటర్, అంటే పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం. నిలవున్న పెట్రోల్ జిగురులా మారి అందులో పెట్రోల్ వెళ్లే సన్నని రంధ్రాలున్న జెట్లను మూసేస్తుంది. పూర్తిగా విప్పి క్లీనర్‌తో కడగండి. జెట్లలో ఇనుప తీగ మాత్రం దూర్చొద్దు, రంధ్రం పెద్దదైతే పెట్రోల్ కొలత తప్పుతుంది. ట్యాంకులో తుప్పుంటే అదీ కడగాలి, లేదంటే జెట్లు మళ్లీ పూడుకుపోతాయి. ఇంజిన్ ఆయిల్, ప్లగ్ కొత్తవి వేయండి. స్టార్టయినా బ్రేకులు, టైర్లు చూడకుండా రోడ్డెక్కకండి.