విశ్వాసం తక్కువై కాదు, సిస్టర్

వందనాలు సిస్టర్. రెండేళ్లుగా ఉపవాసం ఉండి ప్రార్థించినా అమ్మగారి జబ్బు తగ్గలేదని, "మీకు విశ్వాసం చాలదు" అని సంఘంలో ఒకరు అన్నారని రాశారు. ముందు ఆ మాటను మనసులోంచి తీసేయండి.

బైబిల్లో అపొస్తలుడైన పౌలు తనను బాధించే ఒకదాన్ని "శరీరంలో ముల్లు" అన్నాడు, దాన్ని తొలగించమని ప్రభువును మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. ఆ ముల్లు జబ్బేనా అన్నదానిపై పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. కానీ పౌలు సహచరుడు త్రోఫిము విషయంలో అనుమానమే లేదు: రోగిగా ఉన్న అతన్ని పౌలు మిలేతు పట్టణంలో విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20). ఎందరినో స్వస్థపరిచిన పౌలు! ఆయనకు విశ్వాసం తక్కువని ఎవరంటారు? తన శిష్యుడు తిమోతికి తరచూ వచ్చే జబ్బులకైతే కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా ఇచ్చాడు, గద్దించలేదు. కాబట్టి మందులు ఆపకండి.

ప్రార్థించడానికి మాటలే రావడం లేదన్నారు. 88వ కీర్తన తీయండి. మా నాన్న ఆఖరి రోజుల్లో నేను చదివింది అదే. చాలా విలాప కీర్తనల్లా చివర్లో స్తుతివైపు తిరగదు, "చీకటి" అన్న మాటతోనే ముగుస్తుంది. అయినా అది ప్రార్థనే. చదువుతుంటే నాన్న వేళ్లు నా చేతిని గట్టిగా నొక్కాయి. మీరూ ఏడుస్తూనే చదవండి. కోపం వస్తే ఆ కోపాన్నే దేవునితో చెప్పండి.

ఆ మాటన్న వ్యక్తి మళ్లీ వస్తే, అమ్మగారి గదిలోకి వెళ్లకముందే, "ఇవాళ పక్కన కాసేపు మౌనంగా కూర్చోండి చాలు" అని చెప్పేయండి.