పేజీ 14లో ఆ సూది తీసెయ్ అమ్మలూ

అమ్మలూ,

నువ్వు గీస్తున్న బొమ్మల పుస్తకంలోవి, వాట్సాప్‌లో పంపిన 24 పేజీలూ చూశాను. ఫోన్లో బొమ్మ చిన్నదైపోయి నీ గీతలు సరిగ్గా ఆనడం లేదని అమలాపురం వెళ్ళి ప్రింట్ తీయించుకొచ్చి వీధరుగు మీద కూర్చుని రెండుసార్లు చదివాను, మీ అత్త కూడా చదివింది. లంకలోకి ఎర్రనీరు ఎక్కే పేజీలున్నాయే, అరటితోట మీంచి పడవ పోవడం, పాక కప్పు మీద మేకపిల్ల, అవి చూస్తుంటే 1986 ఆగస్టు వరద మళ్ళీ కళ్ళముందుకొచ్చేసింది. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులు దాటింది, మూడో ప్రమాద హెచ్చరిక అని మైకులో చెప్పే గడి కూడా కరెక్టుగా వేశావు. బొమ్మ విషయంలో నీకు నేను చెప్పేదేం లేదు.

చెప్పాలనుకుంటున్నది నీ హీరోయిన్ ఒంట్లో ఉన్న జబ్బు గురించి. పదహారేళ్ళ లంక పిల్ల, తొమ్మిదో ఏటి నుంచి టైప్ వన్ షుగరు, వరదలో మునిగి తేలేసరికి గాల్లో ఎగరగలదు, చెయ్యి చాపితే గోదారి పోటుని ఆపగలదు. కథ నాకు చాలా నచ్చింది. కానీ మూడు చోట్ల ఆగిపోయాను. ముందు పేజీ 14, ఎందుకంటే అది అలాగే అచ్చైతే ఎవరి ప్రాణమైనా పోవచ్చు.

ఆ పేజీలో ఏం వేశావు? పిల్ల నాలుగు గంటలు ఏటిగట్టుకి అడ్డం నిలబడి నీళ్ళని ఆపింది, ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, కళ్ళు తిరిగి పడిపోయింది, ఫ్రెండు పరిగెత్తుకొచ్చి సంచీలోంచి ఇన్సులిన్ తీసి పొడిచాడు, పిల్ల లేచి కూర్చుంది. అమ్మా, చెమట, వణుకు, కళ్ళు తిరగడం, ఇవన్నీ షుగరు పడిపోయినప్పుడు వచ్చేవి. ఇన్సులిన్ చేసే పనే రక్తంలో షుగరుని దించడం. ఆల్రెడీ 70 కిందకి పడిపోయిన మనిషికి ఇంకా దించే మందు ఇచ్చావంటే ఆ పిల్ల మళ్ళీ లేవదు. సినిమాల్లో కూడా ఇదే తప్పు చూస్తాం, షుగరు పేషెంటు పడిపోగానే సూది సూది అని అరుస్తారు. నీ బుక్ చదివిన పన్నెండేళ్ళ కుర్రాడు రేపు క్లాసులో పక్కపిల్ల పడిపోతే నీ పేజీలో చూసిందే చేస్తాడు కదా.

తెలివి ఉంటే వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార గానీ గ్లూకోజు పొడి గానీ నీళ్ళలో కలిపి తాగించాలి, పావుగంట ఆగి షుగరు చూసే మిషను మీద మళ్ళీ చూడాలి, ఇంకా కిందే ఉంటే మళ్ళీ ఇవ్వాలి. తెలివి లేకపోతే నోట్లో ఏదీ పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పక్కకి తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోవాలి. నీ కథకి ఇది ఇంకా బాగా కుదురుతుంది చూడు. చుట్టూ నీళ్ళు, కరెంటు లేదు, కప్పు మీద ఇద్దరే ఉన్నారు, ఫ్రెండు చేతిలో ఇన్సులిన్ ఉంది కానీ అది పనికిరాదు, పంచదార డబ్బా ఏమో కింద మునిగిపోయిన వంటింట్లో ఉంది. ఈ సీను కోసం మంత్రాలూ వద్దు, విలనూ వద్దు.

ఇప్పుడు విలన్ దగ్గరికొస్తా. ఇసక దొంగకి బోదకాలు పెట్టావు. ఎందుకు పెట్టావో నాకు తెలుసు, అడుగేస్తుంటే నేల దద్దరిల్లినట్టు ఉంటుందని, చూడగానే భయం వేస్తుందని. నీమీద కోపం రాలేదు అమ్మలూ, ఎందుకంటే సరిగ్గా ఇదే పని నీ వయసులో నేనూ చేశాను.

ఊళ్ళమ్మట గోడలకి అంటించే ఆరోగ్యం పోస్టర్లు గీసే పని నాకు కొత్తలో దొరికినప్పుడు బోదకాలు మీద ఒకటి వెయ్యమన్నారు. రాక్షసుడి బొమ్మ వేశాను, ఏనుగు పాదం, గోళ్ళు, పక్కనే దోమ. చాలా బాగుందన్నారు, అచ్చు వేశారు. తర్వాత ఒకసారి రక్తం తీసే టీముతో రాత్రిపూట వెళ్ళాను, బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు పగలు రక్తంలో పెద్దగా దొరకవు, రాత్రి పదింటి తర్వాతే పైకొస్తాయి, అందుకని లాంతర్లూ టార్చిలూ పట్టుకుని అందర్నీ నిద్రలేపి వేలు పొడిచి చుక్క తీసేవాళ్ళు. రాజోలు పక్క ఒక ఊళ్ళో ఒకావిడ అరుగు మీద కూర్చుని ఉంది, చీర కుచ్చెళ్ళు పాదం మీదకి లాక్కుని. ఎదురుగుండా గోడ మీద నా పోస్టరే. ఆవిడ నన్ను తిట్టలేదు, ఏమీ అనలేదు. "బాబూ, ఈ కాలికి పట్టే చెప్పు ఎక్కడ దొరుకుద్దో మీకేవన్నా తెలుసాండి, గట్టు మీద ముళ్ళు గుచ్చుకుంటన్నాయండి" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. అన్ని రోజులు ఆ కాలు గీశాను, ఆ కాలికి చెప్పు ఉండదని ఒక్కసారి కూడా తట్టలేదు.

ఆ తర్వాత నుంచీ ఏ జబ్బు గీసినా ముందు వాళ్ళ ఇంటికెళ్ళి ఒక పూట కూర్చునేవాణ్ణి. అప్పుడు తెలిసింది, మురుగుకాలవ దోమలు ఏళ్ళ తరబడి కుడితే చిన్నప్పుడే ఒంట్లోకి చేరిన పురుగు ఎప్పటికో కాలు వాచేలా చేస్తుందని, మాత్రలు వేసుకుంటే రక్తంలో ఉన్న పిల్లపురుగులు చస్తాయి గానీ ముదిరిన వాపు వెనక్కి పోదని, రోజూ సబ్బుతో కడిగి వేళ్ళ సందులు తడి లేకుండా తుడుచుకుని రాత్రి కాలు ఎత్తు మీద పెట్టుకుంటే పుళ్ళూ జ్వరాలూ రాకుండా కాపాడుకోవచ్చని. రెండో పోస్టర్లో ఒకావిడ నూతి దగ్గర కాలు కడుక్కుంటున్నట్టు వేశాను, మొహం కూడా వేశాను. ఇప్పుడు నీ విలన్ సంగతి, వాడు దుర్మార్గుడని చెప్పడానికి వాడి పడవలూ వాడి లారీలూ చాలు, కాలు మామూలుగా పెట్టెయ్. బోదకాలు ఉన్న మనిషి కావాలనుకుంటే మంచివాళ్ళలో పెట్టు, రేవులో పడవ నడిపే పెద్దాయనకి పెట్టు.

ఇంక పేజీ 22. చివరికి గోదారమ్మ ప్రత్యక్షమై చెయ్యి నిమరగానే పిల్లకి షుగరు పోయింది, ఇన్సులిన్ సీసా ఏట్లోకి విసిరేసింది. అక్కడ చాలాసేపు ఉండిపోయాను. మా వీధి చివర ఇంట్లో పదకొండేళ్ళ పిల్ల ఉంది, అదే జబ్బు, రోజుకి నాలుగు సూదులు. ఆ పిల్ల నీ బుక్ మొదటి పేజీ తెరిచి, అచ్చం నాలాగే పొట్ట మీద పొడుచుకుంటోంది, గాల్లో కూడా ఎగురుతోంది అని సంబరపడుతుంది. పేజీ 22కి వచ్చేసరికి ఆ హీరోయిన్ తనలాంటిది కాకుండా పోతుంది. పైగా సీసా విసిరెయ్యడం. టైప్ వన్‌లో క్లోమంలో ఇన్సులిన్ తయారు చేసే కణాల్ని ఒళ్ళే చంపేసుకుంటుంది, ఇన్సులిన్ మానేస్తే కొద్దిరోజుల్లోనే వాంతులూ ఆయాసమూ పట్టుకుని ప్రాణం మీదకొస్తుంది. మన వైపు ఆకు పసర్లకీ మొక్కులకీ నమ్మి సూది ఆపేసినవాళ్ళని చూశాను నేను.

నువ్వు టాబ్‌లో ఎక్కించి ఇచ్చిన అమెరికా కామిక్స్ అన్నీ చదివాను కదా, అందులో కొన్ని ఈ విషయంలో చాలా పనికొస్తాయి. 1982లో వచ్చిన కెప్టెన్ మార్వెల్ చావు కథ మళ్ళీ తీసి చూడు. రాసి గీసిన జిమ్ స్టార్లిన్ వాళ్ళ నాన్న క్యాన్సర్‌తో పోయాక చేసిన పుస్తకం అది. గ్రహాల్ని కాపాడినవాడు మంచం మీద చిక్కిపోయి పడుంటాడు, ఎప్పుడో ఒక ఫైట్‌లో పీల్చిన విషవాయువు వల్ల వచ్చిందది, చేతులకున్న ఆ పవర్ కడియాలే జబ్బుని ఇన్నాళ్ళూ ఆపాయి, మందు పనిచెయ్యకుండా కూడా అవే అడ్డం పడ్డాయి. స్నేహితుడు కుర్రాడు తక్కిన హీరోల మీద విరుచుకుపడతాడు, ఇన్ని వింతలు చేస్తారు, క్యాన్సర్‌కి మందు ఎందుకు వెతకలేదు ఇన్నాళ్ళూ అని. చదివేవాడి మనసులో ఉన్న ప్రశ్నే అది, దాన్ని దాటెయ్యకుండా పాత్రతో అడిగించాడు చూడు. నువ్వూ అడిగించు. నీ పిల్ల చెల్లెలు అడగాలి, నదిని ఆపుతావు కదక్కా, షుగరు ఎందుకు ఆపుకోలేవు అని.

ఇంకొకటి థార్‌గా మారే జేన్ ఫాస్టర్ కథ, 2014 నుంచి నడిచింది. రొమ్ము క్యాన్సర్, కీమో ఎక్కించుకుంటూ ఉంటుంది. సుత్తి పట్టుకుని మారిన ప్రతిసారీ ఒంట్లో విషమంతా కడిగేసుకుపోతుంది, కీమో మందు కూడా ఆ లెక్కలో విషమే కాబట్టి అదీ పోతుంది, క్యాన్సర్ మాత్రం ఉండిపోతుంది. అంటే జనాన్ని కాపాడిన ప్రతిసారీ తన వైద్యం వెనక్కి పోతోంది. ఒక్క రూలుతో ఎన్నో ఇష్యూలు నడిచాయి! అదే బ్యాట్‌గర్ల్‌గా తిరిగిన బార్బరా గోర్డన్ని తీసుకో, 1988లో వెన్నెముకకి తూటా తగిలింది, తర్వాత ఏడాదికి చక్రాల కుర్చీలోంచే ఒరాకిల్ అయి హీరోలందరికీ దారి చూపించింది, ఇరవై ఏళ్ళ పైన. 2011లో మళ్ళీ నడిపించేశారు. ఆ కుర్చీలో తమని చూసుకున్న పాఠకులు చాలా బాధపడ్డారు, నాకది న్యాయంగానే అనిపించింది.

కాబట్టి నీ పిల్లకి కూడా ఒక రూలు పెట్టుకో, పవర్‌కి ఎలా పెట్టుకున్నావో జబ్బుకీ అంత గట్టిగా పెట్టుకో, ఏ పేజీలోనూ తప్పొద్దు. నా బుర్రకి తోచింది చెప్తా. గంటల తరబడి కష్టపడితే షుగరు దిగుతుంది, కాబట్టి నదిని ఎక్కువసేపు ఆపితే దిగాలి. ఉన్నట్టుండి భయపడి ఒక్క ఊపున చేసే ఫైట్‌లో ఒక్కోసారి పెరుగుతుంది కూడా, ఆ కంగారులో వచ్చే హార్మోన్ల వల్ల, కాబట్టి ప్రతిసారీ ఒకేలా ఉండదు, మిషను చూసుకోకుండా చెప్పడం కుదరదు. మేఘాల పైకి ఎగిరితే? అక్కడ చలికి నడుం సంచీలో ఇన్సులిన్ గడ్డకడుతుంది, ఒకసారి గడ్డకట్టింది కరిగినా పనికిరాదు. అంటే ఎత్తుకి వెళ్ళాలంటే సీసాని ఒంటికి ఆనించి కట్టుకోవాలి. 1996 నవంబరు తుపాను తర్వాత మా వీధిలో కరెంటు ఎన్ని రోజులు లేదో, ఒక తల్లి కుండలో కుండ పెట్టి మధ్యలో తడి ఇసక పోసి, కొడుకు ఇన్సులిన్ సీసా ప్లాస్టిక్ కవర్లో చుట్టి లోపలి కుండలో దాచుకుంది, రెండు పూటలా ఇసక తడుపుకుంటూ. ఆ కుండ నీ కథలో ఉండాలి. లంక ఇంట్లో నీ పిల్ల ఫ్రిజ్ తలుపు తీసినట్టు వేశావు, వరదలో కరెంటెక్కడిది?

సిరంజి మూత కూడా చూసుకో. మన దగ్గర చిన్న సీసాల్లో వచ్చేది ఎక్కువగా 40 రకం, అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్ల ఇన్సులిన్ ఉండేది, దానికి ఎర్ర మూత సిరంజి. 100 రకానికి నారింజ మూత. 100 రకం మందుని ఎర్ర మూత సిరంజితో అదే గీత దాకా లాగితే రెండున్నర రెట్లు ఎక్కువ పడుతుంది. వరద క్యాంపులో ఎవరో దాత పంపిన సీసా వేరే రకం అయ్యి, హడావుడిలో ఎవరూ చూసుకోకపోతే... రెండో భాగానికి కథ కావాలన్నావుగా.

షుగరు పడిపోవడాన్ని బొమ్మలో ఎలా చెప్పాలా అని అడిగావు. చెమట చుక్కలు గీస్తే సరిపోదు. 2014లో హాక్‌ఐ అనే విలుకాడి హీరోకి వినికిడి పోయిన ఇష్యూలో మాటల బుడగలు ఖాళీగా వదిలేశారు, సైగలు గీశారు గానీ అర్థం రాయలేదు, వినపడకపోతే ఎలా ఉంటుందో చదివేవాడే పడాలి. నువ్వూ గడుల అంచులు కొంచెం కొంచెంగా వంకర పొయ్యనివ్వు, ఎదుటివాళ్ళ మాటల్లో ఒక్కో అక్షరం ఎగిరిపోనివ్వు, పిల్లకి ఊరికే కోపం తెప్పించు, తమ్ముడి మీద అరిపించు. షుగరు తగ్గినప్పుడు చిరాకు పడతారు, ఇంట్లోవాళ్ళు దాన్ని పొగరనుకుంటారు. మా వీధి పిల్ల వాళ్ళమ్మ ఇదే చెప్పి ఏడ్చింది నాతో.

చుట్టాల మాటలు కూడా రాయి. స్వీట్లు ఎక్కువ పెట్టారేంటండీ చిన్నప్పుడు అని అడుగుతారు, తాతకి వచ్చే షుగరూ ఇదీ ఒకటే అనుకుంటారు, పూతరేకు ప్లేటు పిల్ల ముందు నుంచి తీసేసి అందరూ తింటారు, పెళ్ళి కాదేమోనని సూది సంగతి బయటపెట్టొద్దంటారు. నీ పిల్ల ముసుగు వేసుకున్నది దేనికి అని ఎవరైనా అడిగితే, ఊళ్ళో పవర్ సంగతి తెలిసిపోయినా పర్లేదు, షుగరు సంగతి తెలియకూడదని వాళ్ళమ్మ ఒట్టు వేయించుకుంది అని చెప్పించు.

మార్చిన పేజీలు ముందు నాకు పంపొద్దు. మా వీధి పిల్లకీ వాళ్ళమ్మకీ చెప్పాను, మా మేనకోడలు నీలాంటి పిల్ల మీద బొమ్మల పుస్తకం వేస్తోంది, తప్పులు నువ్వే పట్టాలి అని. ఎర్ర పెన్ను కొనుక్కుని కూర్చుంది. ఆదివారం పొద్దున్న బస్సుకి వచ్చెయ్, పేజీ 14 ఒరిజినల్ పట్రా, మిషనూ సిరంజీ ఎలా ఉంటాయో తనే చూపిస్తానంది. వచ్చేముందు ఫోన్ చెయ్యి, మీ అత్త పులస కోసం చెప్పి పెట్టాలంటోంది.

మావయ్య