నాన్నగారి అంబాసిడర్‌లో దొరికిన గోధుమరంగు ముక్క

మీ నాన్నగారి పెట్రోల్ అంబాసిడర్ డ్యాష్‌బోర్డు అరలో గుడ్డలో చుట్టి దొరికిందని మీరు ఫొటో పెట్టిన బొటనవేలంత వస్తువు కుక్కర్ వెయిటూ కాదు, మిత్రులు పందెం కాసినట్టు చదరంగంలో తప్పిపోయిన బంటూ కాదు. అది డిస్ట్రిబ్యూటర్‌లో, అంటే ఇంజను స్పార్క్ ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే భాగంలో, తిరిగే రోటర్. నెత్తిన ఉన్న ఇత్తడి రేకే దాని ఆనవాలు. బ్యాటరీ వోల్టేజీని పెంచే కాయిల్ నుంచి వచ్చే అధిక వోల్టేజీ డిస్ట్రిబ్యూటర్ మూత మధ్యనున్న కార్బన్ ముక్క ద్వారా ఆ రేకు మీదికి దిగుతుంది. ఇంజను రెండు చుట్లు తిరిగేలోపు రోటర్ ఒక్క చుట్టు తిరిగి, దానిని 1-3-4-2 వరుసలో నాలుగు ప్లగ్గులకు పంచుతుంది.

అది లేకపోతే సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా బండి స్టార్టు కాదు. అందుకే పాతకాలం వాళ్లు కొందరు బండిని రాత్రి వీధిలో వదలవలసి వస్తే, మూత క్లిప్పులు ఊడదీసి రోటర్‌ను జేబులో వేసుకుని నిశ్చింతగా నిద్రపోయేవారు. మీ బండి ఇప్పుడు నడుస్తూనే ఉందన్నారు కనుక ఇది స్పేరై ఉంటుంది. పారేయకండి. దాని బేకలైటు (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) మీద వెంట్రుకంత పగులుందేమో వెలుతురులో చూడండి. ఉంటే కరెంటు అందులోంచి రోటర్‌ను తిప్పే షాఫ్టుకు దిగిపోయి ఇంజను మిస్ కొడుతుంది. బంటు అన్న మిత్రుడు మాత్రం మనందరికీ టీ బాకీ పడ్డారు.