అమెరికాలో లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) విద్యార్థులు కాలేజీ మధ్యలో ఆపేసేది వాళ్ల ఇళ్లలో చదువుకు విలువ లేకనా?

వచ్చే నెల నుంచి టీఏగా (టీచింగ్ అసిస్టెంట్‌గా) పని మొదలుపెడుతున్నానని, క్లాసులో సగం మంది లాటినో పిల్లలేనని, వాళ్లకు చదువు మీద శ్రద్ధ తక్కువని సీనియర్లు చెప్పారని మీరు రాశారు. ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నాను, ఇంకాస్త వెటకారంగానే.

నా ఎమ్మెస్ టెక్సాస్ దక్షిణ కొసన, రియో గ్రాండే నది పక్కనున్న ఒక ఊళ్లో. మొదటి ఏడాది ట్యూటరింగ్ సెంటర్‌లో ఫస్టియర్ వాళ్లకు లెక్కలు చెప్పేవాణ్ణి. వచ్చేవాళ్లు దాదాపు అందరూ మెక్సికన్ కుటుంబాల పిల్లలే. సెమిస్టర్ సగానికొచ్చేసరికి కొందరు కనపడటం మానేసేవాళ్లు. 'వీళ్లకు సీరియస్‌నెస్ లేదు' అని రూమ్‌లో పప్పన్నం తింటూ తీర్మానించేసుకున్నాం.

ఒక కుర్రాడు ఉండేవాడు, కాలిక్యులస్‌లో చురుకైనవాడు. మిడ్‌టర్మ్‌కే రాలేదు. వారం తర్వాత కనపడితే అడిగాను. ఆ రోజు వాళ్లమ్మను స్పెషలిస్టుకు చూపించడానికి శాన్ ఆంటోనియో తీసుకెళ్లాడట. నాలుగు గంటల ప్రయాణం. డాక్టరు ఇంగ్లీషులో చెప్పేది స్పానిష్‌లో అమ్మకు చెప్పేది వాడే. చిన్నప్పటి నుంచి ఇంటికొచ్చే కరెంటు బిల్లు, స్కూలు నోటీసు అన్నీ చదివి చెప్పేదీ వాడే.

"ప్రొఫెసర్‌కు ఒక్క మెయిల్ పెడితే మళ్లీ పరీక్ష పెట్టేవారు కదా?" అన్నాను. 

"మా ఇంటి గొడవలు చెప్పి ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఏం బాగుంటుంది?" అన్నాడు. 

పోనీ ఆఫీస్ అవర్స్‌లో, అంటే విద్యార్థులు వచ్చి కలవడానికి ప్రొఫెసర్ కేటాయించే వేళల్లో, కలవొచ్చుగా అంటే, అవి ప్రొఫెసర్ ఆఫీసులో పని చేసుకునే వేళలు, అప్పుడు వెళ్లకూడదు అనుకున్నాడట!

నవ్వొచ్చింది. మరుక్షణం నా బీటెక్ రోజులు గుర్తొచ్చాయి. రికార్డు పట్టుకుని హెచ్‌ఓడీ గది బయట అరగంట నిలబడి, తలుపు తట్టే ధైర్యం చాలక వెనక్కొచ్చిన రోజులు. పెద్దల ముందు ఇలా ఒదిగి ఉండటాన్ని వాళ్లు 'రెస్పెతో' అంటారు. మనకు విడమరిచి చెప్పక్కర్లేదు. చిక్కల్లా ఏమిటంటే, అమెరికన్ ప్రొఫెసర్‌కు ఆ మౌనం గౌరవంలా కనిపించదు, ఆసక్తి లేకపోవడంలా కనిపిస్తుంది.

ఇంటి సంగతీ అంతే. మన అమ్మలు కొడుకును 'నాన్నా' అని పిలిచినట్టే అక్కడి అమ్మలు చిన్నపిల్లాణ్ణి 'పాపి' అంటారు. స్పానిష్‌లో అదీ నాన్న అనే మాటే. శని, ఆదివారాలు ఆ కుర్రాడు మామయ్య టైర్ల షాపులో పనిచేసి డబ్బు ఇంట్లో ఇచ్చేవాడు. వాళ్ల నాన్న మెక్సికోలోని తామౌలీపాస్ రాష్ట్రంలో ఆరో తరగతి దాకా చదివాడు. ఏ కోర్సు తీసుకోవాలో, ఫాఫ్సా అనే ఆర్థిక సాయం దరఖాస్తు ఎలా నింపాలో ఆయనకెలా తెలుస్తుంది? ఆయన చెప్పగలిగింది 'ఎచాలే గానాస్' అని ఒక్కటే, మన 'మనసు పెట్టి చదువురా' లాంటిది. చదువుకు విలువ లేని ఇంట్లో ఆ మాట రోజూ వినపడదు కదా.

షాపు పని మానెయ్యమని వాడికి సలహా కూడా ఇచ్చాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. తను ఏసీ గదిలో కూర్చుని చదువుతుంటే నాన్న ఎండలో కష్టపడుతున్నాడన్న బాధ వాణ్ణి అప్పటికే తొలిచేస్తోంది. ఈ అపరాధ భావం మీద రెబెకా కోవర్రూబియాస్, స్టెఫనీ ఫ్రైబర్గ్ అనే సైకాలజిస్టులు 2015లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చినవాళ్లలో ఇది ఎక్కువట. ఇంటికి తాము సాయపడిన ఒక సందర్భాన్ని గుర్తు చేసుకుంటే ఆ భారం తగ్గిందట. నేను ఇచ్చిన సలహా సరిగ్గా దానికి వ్యతిరేకం.

'మనవాళ్లు బాగానే చదువుతున్నారుగా' అనే పోలిక కూడా నాకు నచ్చదు. మనం డిగ్రీ చేతిలో పెట్టుకుని, జీఆర్‌ఈ, వీసా జల్లెళ్లు దాటి, ఏ క్లాసు ఎవరి దగ్గర తీసుకోవాలో చెప్పే సీనియర్ల వాట్సాప్ గ్రూపులతో దిగాం. ఆ కుర్రాణ్ణి పోల్చాలంటే ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్‌లో చేరిన కూలీల బిడ్డతో పోల్చాలి. పైగా 'లాటినో' అంటే ఒకే రకం కాదు. మయామీలోని క్యూబన్ కుటుంబం, న్యూయార్క్‌లోని ప్యూర్టోరికన్ కుటుంబం, మా రియో గ్రాండే వైపు మెక్సికన్ కుటుంబం, దేని కథ దానిదే.

అండర్‌గ్రాడ్యుయేట్లలో కనీసం 25 శాతం హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) విద్యార్థులుంటే కాలేజీని 'హిస్పానిక్ సర్వింగ్' అంటారు. అది తలలు లెక్కపెడుతుంది, అంతే. లోపలికొచ్చిన పిల్లాణ్ణి ఎవరు పలకరించారన్నది అందులో రాదు. టెక్సాస్‌లోని లారెడోలో పుట్టి పెరిగిన లారా రెండోన్ అనే ప్రొఫెసర్ 1994లోనే ఈ విషయం రాసింది: నీవల్ల అవుతుందని ఎవరో ఒకరు తమంతట తాముగా వచ్చి చెబితే, కాలేజీ తనకు సరిపడదనుకున్న విద్యార్థి కూడా నిలబడతాడని.

కాబట్టి వాళ్లు అడగాలని ఎదురుచూడకండి, మీరే ముందు వెళ్లండి. రెండో ఏడాది టీఏ అయ్యాక మొదటి క్లాసులోనే చెప్పేశాను: ఆఫీస్ అవర్స్ మీ కోసమే, డౌట్ లేకపోయినా రండి, ఇంట్లో పని పడి రాలేకపోతే ఒక్క లైన్ మెయిల్ పెట్టండి, కారణం రాయక్కర్లేదు. (ఆ కాలిక్యులస్ కుర్రాడు రెండోసారి పాసయ్యాడు. డిగ్రీకి ఆరేళ్లు పట్టింది.)

ఆ వారం ముగ్గురొచ్చారు. ఒకమ్మాయి ఇంట్లో చూసుకునేవాళ్లు లేరని ఆరేళ్ల చెల్లిని వెంటబెట్టుకొచ్చి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపలికి రమ్మన్నాను. చిన్నదాని చేతికి రంగు మార్కర్లిచ్చి బోర్డు కింది సగం వదిలేశాం, పై సగంలో ఇంటిగ్రేషన్ చేసుకున్నాం.